అల్బెర్తానో గారి కోడిపుంజుకు

పుంజు గారికి నమస్కారాలు.

ఇటలీలోని బ్రెషియా నగర న్యాయవాది అల్బెర్తానో 1245లో తన కొడుకు స్తెఫానో కోసం లాటిన్‌లో ఒక పుస్తకం రాశారు. ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నది విషయం. అందులో మొదట్లోనే మిమ్మల్ని గురుపీఠం ఎక్కించారు. కోడి కూసే ముందు రెక్కలతో తనను తాను మూడుసార్లు కొట్టుకుంటుందట, మనిషీ నోరు తెరిచే ముందు అలాగే తనను తాను ప్రశ్నించుకోవాలట. చదివి ముచ్చటపడ్డాను. కాసేపటికి ఒక సందేహం పుట్టింది. మూడు దెబ్బలూ కొట్టుకున్నాక, "ఇప్పుడు వద్దులే" అనుకుని గోడ దిగిపోయిన పుంజు మీ వంశంలో ఒక్కటైనా ఉందా?

మీకు తోడుగా ఆయన ఆరు ప్రశ్నలను కాపలా పెట్టారు: ఎవరు, ఏమి, ఎవరికి, ఎందుకు, ఎలా, ఎప్పుడు. లాటిన్‌లో ఇవన్నీ ఒక్క పద్యపాదంలో ఇమిడిపోతాయి. మొన్న ఒక పెళ్లి పంక్తిలో వీటిని ప్రయోగించి చూశాను. పప్పులో ఉప్పు లేదు. చెప్పడానికి నేనెవరిని? దూరపు బంధువును. ఈ సంగతి నాకు సంబంధించినదేనా? విస్తరి నాదే కాబట్టి సంబంధించినదే. కోపంలో ఉన్నానా? కొంచెం. ఎవరికి చెప్పాలి, వడ్డించేవాడికా, పెళ్లికూతురి తండ్రికా? "ఎందుకు" దగ్గరికి చేరేసరికి పెరుగు వచ్చేసింది. పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం ఒక్క ప్రశ్నా వేసుకోకుండా "ఉప్పేదయ్యా!" అని కేకేశారు. ఆయనకు ఉప్పు వచ్చింది.

మీ యజమాని సంగతి ఇంకా తమాషాగా ఉంది. 1238లో రెండో ఫ్రెడెరిక్ చక్రవర్తికి బందీగా చిక్కి క్రెమోనా చెరసాలలో పడ్డారు. మౌనం గురించి రాయడానికి అంతకంటే అనువైన చోటు దొరుకుతుందా? అక్కడ కూర్చుని దైవప్రేమ గురించి రాశారు. మౌనం గుర్తుకొచ్చింది బయటికి వచ్చాకే, నోటితో అన్నం తినే వృత్తిలో ఉండగా! పోనీ, క్లుప్తంగా చెప్పారా అంటే అదీ లేదు. సొలొమోను, సెనెకా, సిసెరో, కేటో లాంటి పాతకాలపు జ్ఞానులందరినీ వరసగా సాక్షుల బోనెక్కించారు. పుస్తకం పేరులో మాటకూ మౌనానికీ చెరిసగం రాసిచ్చి, లోపల పంపకాల్లో ఆస్తంతా మాటకే కట్టబెట్టారు. న్యాయవాది కదా, దస్తావేజు పక్కాగానే ఉంటుంది. 1268లో ఆంద్రెయా ద గ్రోసెత్తో ఈ పుస్తకాన్ని ఇటాలియన్‌లోకి అనువదించాడు. దాంతో లాటిన్ రానివాళ్లకు కూడా మౌనం గురించి గంటల తరబడి మాట్లాడుకునే భాగ్యం కలిగింది.

మీ మీద నాకు కోపం లేదు. మీ రెక్కల చప్పుడు వినగానే దిండు చెవుల మీదికి లాక్కునేంత వ్యవధి అయినా దొరుకుతుంది. మా పంక్తిలోని పెద్దాయన ఆ మాత్రం కూడా ఇవ్వలేదు. పైగా ఉప్పు గిన్నె నా వైపు జరపనూ లేదు.

ఇట్లు,
చప్పిడి పప్పు తిని లేచిన మీ శిష్యుడు