అడ్డపొగ చుట్టగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చుట్టగారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. కుశలం మీ ఒక్కరిదే.

ఊరందరూ నిప్పు బయట ఉంచి పొగ లాగుతారు. మా శ్రీకాకుళం, విశాఖ తీరంలో మాత్రం మీకు ప్రత్యేక మర్యాద: వెలిగిన కొన నోట్లో, చల్లని కొన బయట. అందులోనూ మా ఆడవాళ్ల ఆదరణే ఎక్కువ. సముద్రపు గాలికి ఆరిపోరు, త్వరగా అయిపోరు. ఇంత పొదుపైన అతిథిని ఎవరు పొమ్మంటారు?

మీరు ఎంచుకున్న చోటు చూస్తే ముచ్చటేస్తుంది. గుట్కా బుగ్గలో, ఖైనీ పెదవి లోపల కూర్చుంటాయి. అక్కడ మచ్చ పడితే అద్దంలో కనబడుతుంది. మీరు తెలివిగా అంగిలి పట్టారు. మిగతా చోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. ఆ లోటు మా దగ్గర మీరు తీర్చారు. పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ పరిశోధకుడు మనవాళ్లతో కలిసి ఆంధ్రలో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లు పరీక్షించి, 1971లో మీ పనితనం గురించి బ్రిటిష్ పత్రికలో రాశాడు. మా పలాస జీడిపప్పుకి కూడా అంత గౌరవం దక్కలేదు.

ముందు అంగిలి తెల్లబారుతుంది, దానిమీద ఎర్ర చుక్కలు తేలతాయి. నొప్పి ఉండదు. అది మీ సంస్కారం! అప్పుడే మిమ్మల్ని వదిలేస్తే ఆ మచ్చలు తగ్గే అవకాశముంది కాబట్టి, ఆ మాట బయటికి పొక్కనివ్వరు. పుండు పడితే మావాళ్లు "వేడి చేసింది" అని మజ్జిగ తాగుతారు, మందులషాపులో బీకాంప్లెక్స్ బిళ్లలు కొంటారు. రెండు వారాలైనా మానని పుండు కూడా వేడి ఖాతాలోకే పోతుంది. డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతానంటే, "కత్తి తగిలితే పాకిపోద్ది" అని పక్కింటావిడ అడ్డుపడుతుంది. ఆవిడకి జీతం మీరే ఇస్తున్నారా?

మీకు గిట్టనిది టార్చిలైటు. కేరళలో 1996 నుంచి ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకెళ్లి నోళ్లు తెరిపించి చూశారు. పొగాకు, మందు అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయని 2005లో తేలింది. మిషన్లూ స్కానింగులూ కాదు, ఉత్త కళ్లతో చూసి పట్టుకున్నారు.

ముప్ఫై దాటినవాళ్ల నోరు చూసే ఏర్పాటు ఇప్పుడు మన సర్కారు కూడా పెట్టింది. మా నాయనమ్మ వెళ్తానంది. నోరు తెరవాలి కదా, ఆ కాసేపు మీరు అరుగు మీద కూర్చోండి. తిరిగొచ్చాక లోపలికి రానిస్తుందని నేను హామీ ఇవ్వలేను.

ఇట్లు,
నాయనమ్మ మనవడు