అక్షరాన్ని నొక్కి సన్నం చేయకండి

నిన్న మా వీధి మలుపులో ఒక ట్యూషన్ సెంటర్ ఫ్లెక్స్ కట్టారు. ఇంగ్లీషు పేరు పొడుగు, చోటేమో తక్కువ. చేసినవాళ్లు రాక్‌వెల్ బోల్డ్ అనే లావు ఫాంట్ తీసుకుని రెండు పక్కల నుంచీ సగానికి నొక్కేశారు. పదిహేడేళ్లుగా డీటీపీ పనిలో ఉన్నాను, ఇలాంటివి రోజూ కనబడుతూనే ఉంటాయి. అయినా ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

అందులో హెచ్ అక్షరం ఒక్కటి చూస్తే చాలు. రెండు నిలువు కాళ్లు, ఒక్కో కాలికి పైనా కిందా మందపాటి పట్టీ. స్లాబ్ సెరిఫ్ అంటే ఆ పట్టీయే. అడ్డంగా సగానికి నొక్కితే కాళ్ల మందం సగమైపోతుంది, పట్టీల మందం మాత్రం తగ్గదు. కాళ్లు పుల్లలు, పాదాలు దుంగలు! ఇంగ్లీషు ‘O’కి పక్కలు పీక్కుపోయి, పైనా కిందా లావు మిగులుతుంది. దూరం నుంచి చదివించేది నిలువు గీతల్లోని నలుపే. అదే పోయాక బోల్డ్ వాడి ఏం లాభం?

సన్నగా, నల్లగా, పట్టీలతో అక్షరం కావాలంటే దాన్ని అలాగే గీయాలి. 1845లో లండన్‌లోని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ, అంటే అచ్చు అక్షరాలు పోతపోసే కార్ఖానా వాళ్లు చేసింది అదే. ఆ ఫౌండ్రీ భాగస్వామి రాబర్ట్ బెస్లీ కోసం బెంజమిన్ ఫాక్స్ చెక్కిన ఆ టైపు పేరు క్లారెండన్. స్లాబ్ అచ్చులు అప్పటికే పోస్టర్ల మీద ఉన్నాయి. క్లారెండన్‌కి అప్పజెప్పిన పని వేరు: మామూలు అక్షరాల మధ్య ఒక్క మాటను నల్లగా నిలబెట్టడం. నిఘంటువులో మనం వెతికే మాట ఠక్కున కంటపడాలి, కానీ ఇరుకు కాలమ్‌లో ఎక్కువ చోటు తినకూడదు. అందుకని ఫాక్స్ నిలువు గీతను లావుగానే ఉంచి, అక్షరం లోపలి ఖాళీని తగ్గించాడు. పట్టీ కాలిని కలిసే చోట చిన్న వంపు తిప్పాడు. ఆ వంపు చూసినప్పుడల్లా నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. బెస్లీ దాన్ని రిజిస్టర్ చేయించాడు గానీ ఆ రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలు నకళ్లు దించాయి.

పాత అమెరికా పోస్టర్లలో సన్న కాళ్లు, లావు పాదాలే కదా అని మొన్న ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. అది ఫ్రెంచ్ క్లారెండన్. కావాలనే బరువంతా పైకీ కిందికీ పెట్టి, ప్రతి వంపూ లెక్క చూసుకుని గీసిన రకం. నొక్కితే వచ్చేది దాని నీడ కూడా కాదు.

ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో బెస్లీ పేరుతోనే క్లారెండన్ ఒరవడి ఉచితంగా దొరుకుతోంది. పేరు పట్టకపోతే సైజు తగ్గించండి, రెండు వరుసలు చేయండి. కంప్యూటర్‌లో అక్షరాన్ని నొక్కడానికి పక్కనుండే ఆ హ్యాండిల్ మాత్రం లాగకండి.

తెలుగు విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. మన అక్షరాలకు పట్టీలు లేవు. ఒళ్లంతా గుండ్రం, పైన తలకట్టు, కింద వత్తులు. ‘రాష్ట్రస్థాయి’ అని టైప్ చేసి, అడ్డంగా సగానికి నొక్కి, ప్రింటు తీసి గోడకు అంటించండి. పది అడుగులు వెనక్కి నడిచి చూడండి. ష కింద ట వత్తెక్కడ ఆగిందో, క్రారవడి ఎక్కడ మొదలైందో కనబడదు.