వృద్ధుల లెక్క వేరు, ఖర్చు లెక్క వేరు

ఇంగ్లండ్ మొత్తంలో వృద్ధుల శాతం ఎక్కువగా ఉన్న ప్రాంతం తూర్పు తీరంలోని పల్లెసీమ నార్త్ నార్‌ఫోక్. 2021 జనగణన ప్రకారం అక్కడ ముగ్గురిలో ఒకరు 65 ఏళ్లు దాటినవారే. లండన్‌లోని టవర్ హ్యామ్లెట్స్‌లో ఆ వాటా ఆరు శాతం కూడా లేదు. ఈ రెండంకెలూ చూసి, అడల్ట్ సోషల్ కేర్ (వృద్ధులు, వికలాంగుల రోజువారీ సంరక్షణ) భారమంతా పల్లె కౌంటీల మీదే పడుతోందని చాలామంది తేల్చేస్తుంటారు. ఆ మాటలో నిజం సగమే.

బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య సేవ అందించే వైద్యం ఉచితం. కానీ పెద్దాయనకు స్నానం చేయించడానికో, మంచం మీంచి లేపి నాలుగు ముద్దలు తినిపించడానికో మనిషి కావాలంటే అది సోషల్ కేర్ కిందికి వస్తుంది. ఇంగ్లండ్‌లో దాని బాధ్యత స్థానిక కౌన్సిళ్లది. సాయం ఊరికే రాదు, ఆస్తిపాస్తులు చూశాకే ఇస్తారు. 23,250 పౌండ్లకు మించి ఉన్నవాళ్లు ఖర్చంతా సొంతంగానే భరించుకోవాలి. కేర్ హోమ్‌లో శాశ్వతంగా చేరితే, జీవిత భాగస్వామి సొంతింట్లోనే ఉంటే తప్ప, ఆ ఇంటి విలువనూ లెక్కలో కలుపుతారు. ధరలు ఎంత పెరిగినా ఈ పరిమితి మాత్రం 2010 నుంచి కదల్లేదు.

అసలు మెలిక ఇక్కడుంది. ఉద్యోగ విరమణ తర్వాత సముద్ర తీరంలో ఇల్లు కొనుక్కున్న దంపతులు కౌన్సిల్ దగ్గరికి వస్తే దాచుకున్నదంతా కరిగిపోయాకే వస్తారు. టవర్ హ్యామ్లెట్స్‌లో ముసలివాళ్లు తక్కువే. కానీ 2019 నాటి అధికారిక సూచీ ప్రకారం వృద్ధుల్లో పేదరికం దేశంలోకెల్లా ఎక్కువున్నది అక్కడే. వాళ్లకు సంరక్షణ అవసరమైతే మొదటి రోజు నుంచే కౌన్సిల్ డబ్బు కావాలి. పైగా కౌన్సిళ్లు దీర్ఘకాలిక సంరక్షణకు పెట్టే ఖర్చులో దాదాపు సగం 18-64 ఏళ్ల మధ్య ఉన్న వికలాంగులు, మేధోవైకల్యం ఉన్నవారి కోసమే. పాతికేళ్ల వయసులో మొదలైన సాయం నలభై ఏళ్లు సాగవచ్చు. వృద్ధాప్యం గురించే రాసే పత్రికలు ఈ సగాన్ని పట్టించుకోవు.

ఇక రాబడి సంగతి. ఇళ్ల మీద కౌన్సిళ్లు వేసే పన్ను, అంటే కౌన్సిల్ ట్యాక్స్, ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి ఇళ్ల విలువల మీదే నడుస్తోంది. 2016 నుంచి సోషల్ కేర్ కోసమంటూ దానిమీద అదనపు వడ్డన పెట్టుకోనిచ్చారు. అదే ఒక శాతం పెంచితే లండన్ పక్కనే ఖరీదైన ఇళ్లున్న సర్రేకి వచ్చేదానితో పోలిస్తే వాయవ్య తీరంలోని బ్లాక్‌పూల్‌కి వచ్చేది చాలా తక్కువ. మగవాళ్ల ఆయుర్దాయం ఇంగ్లండ్‌లో అట్టడుగున ఉన్న ఊరు బ్లాక్‌పూల్. అక్కడివాళ్లకు జబ్బులు ముందే వస్తాయి, సంరక్షణా ముందే కావాలి. అవసరం ఎక్కువున్న చోటే పన్ను తక్కువ పండుతుంది. ఈ తేడాను కేంద్ర నిధులు పూడ్చాలి. కానీ ఆ నిధులకు ఒకవైపు కోతలు పడ్డాయి, మరోవైపు వాటిని పంచే సూత్రం 2013-14లోనే గడ్డకట్టుకుపోయింది. 2026-27 నుంచి కొత్త సూత్రమని ప్రకటించారు. తమ వాటా నగరాలకు పోతుందని కౌంటీలు అప్పుడే గోల మొదలెట్టాయి. కౌంటీల బాధా అబద్ధం కాదు, నగరాల బాధా అబద్ధం కాదు. చాలని సొమ్మును ఎలా పంచినా ఎవరో ఒకరు ఏడవక తప్పదు.

కౌన్సిళ్ల దగ్గర డబ్బు లేకపోతే కేర్ హోమ్‌లకు తక్కువ రేటు కడతాయి. ఆ లోటు సొంత డబ్బుతో ఉండేవాళ్ల మీద పడుతుంది. వాళ్లు సగటున 41 శాతం ఎక్కువ చెల్లిస్తున్నారని పోటీ నియంత్రణ సంస్థ 2017లోనే తేల్చింది. మరో పక్క సిబ్బంది జీతాలు పెరగవు, స్థానికులు ఆ పనికి రారు. 2022లో కేర్ వర్కర్ వీసాలు తెరిచింది అందుకే. అప్పులు చేసి విమానమెక్కినవాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. 2025 జూలైలో విదేశాల నుంచి ఆ నియామకాలను మూసేశారు. రేటు పెంచకుండా తలుపు మూస్తే ఖాళీలు ఎవరితో నిండుతాయో చెప్పినవాళ్లు లేరు.

నా దృష్టిలో సోషల్ కేర్‌ను కౌన్సిల్ ట్యాక్స్ నుంచి తప్పించి, జాతీయ పన్నుల మీద నడపాలి. పదిహేనేళ్లుగా రాజకీయమంతా ఒక మనిషి తన సంరక్షణకు జీవితకాలంలో సొంతంగా పెట్టే ఖర్చుపై పరిమితి చుట్టూనే తిరిగింది. 2011లో ఆర్థికవేత్త ఆండ్రూ డిల్నాట్ కమిషన్ సిఫార్సు చేశాక 72,000 పౌండ్లన్నారు, ఆపేశారు. 86,000 అన్నారు, 2024 జూలైలో ఆర్థికమంత్రిగా రేచల్ రీవ్స్ దాన్నీ రద్దు చేశారు. నిజానికి ఆ పరిమితి వల్ల ఎక్కువ మేలు దక్షిణాది ఖరీదైన ఇళ్ల వారసులకే. బ్లాక్‌పూల్ కౌన్సిల్ ఖజానాకు దానివల్ల పైసా రాదు.

పెద్ద మార్పు అంటే నాయకులకు భయం. 2017 ఎన్నికల్లో అప్పటి ప్రధాని థెరిసా మే ఇంట్లోనే అందే సంరక్షణకూ ఇంటి విలువను లెక్కలోకి తెస్తామన్నారు. ప్రత్యర్థులు దానికి ‘డిమెన్షియా ట్యాక్స్’ (మతిమరుపు జబ్బు పన్ను) అని పేరు పెట్టారు. నాలుగు రోజుల్లో వెనక్కి తగ్గినా ఆమెకు మెజారిటీ దక్కలేదు. ఇప్పుడు సోషల్ కేర్ సంస్కరణ కోసం ప్రభుత్వం వేసిన లూయీజ్ కేసీ కమిషన్ తుది నివేదికకు గడువు 2028. తర్వాతి సార్వత్రిక ఎన్నికలు 2029 ఆగస్టు మధ్యలోగా జరగాలి. ఆ మిగిలిన కొద్ది నెలల్లో కొత్త పన్ను గురించి ఓటర్లను అడిగే ధైర్యం ఏ ప్రధానికి ఉంటుంది?