శ్రీ టోకెన్ అడ్వాన్స్ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

విజయనగరం గంటస్తంభం నీడన పాత వాచీలు కొంటూ అమ్ముతూ బతుకు వెళ్లదీస్తున్న ఒక సామాన్యుడు నమస్కరించి రాయునది. తమరు క్షేమమని తెలుసు. మా డబ్బుతో క్షేమంగా ఉండక ఏం చేస్తారు?

పెళ్లిచూపులయ్యాక తాంబూలాలు పుచ్చుకోవడం మా పద్ధతి. తమరి పద్ధతిలో ముందు తాంబూలాలు, తర్వాత పిల్ల ఫొటో, అటుపైన అసలు పిల్ల ఉందో లేదో! శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో ఒకాయన దగ్గర హెచ్‌ఎంటీ పైలట్ వాచీ ఉందంటే ఫోన్ చేశాను. ఆయన నోట నమస్కారం కన్నా ముందు తమరే వచ్చారు.

"తమ్ముడూ, ఇప్పటికే ముగ్గురు అడిగేరు. ఐదొందలు ఏసెయ్, నీ కోసం పక్కన పెట్టేస్తాను."

ఆ ముగ్గురెవరో గాని నేను ఏ వాచీ అడిగినా నాకన్నా ముందుంటారు. పలాసలో వాళ్లే, పార్వతీపురంలో వాళ్లే. అంత గిరాకీ ఉన్న వాచీ మాత్రం నెల తిరిగినా అదే ఫొటోలో, అదే పువ్వుల దుప్పటి మీద, అదే పదీ పది చూపిస్తూ పడి ఉంటుంది.

తమరిని ఐదొందలుగా నిర్ణయించినవాడు మామూలోడు కాదు. రెండు వేలంటే మనిషి ఆగి ఆలోచిస్తాడు. వందంటే అడిగేవాడికే నామోషీ. ఐదొందలు పోతే పోలీస్ స్టేషన్ మెట్లెక్కడానికి మనసొప్పదు, ఇంట్లో చెప్పడానికి నోరు రాదు. దానికి తోడు, ఐదొందలు వేశాక వాచీ నచ్చకపోయినా కొనేస్తాం. వేసింది పోతుందన్న బాధ అలాంటిది. తమరు పెట్టుబడి లేకుండా చేసే వ్యాపారం ఇదే.

తమరు వచ్చాక జరగకుండా పోయిన పని ఒకటుంది. మూత తీయడం.

పాత వాచీ నిజం ముఖం మీద ఉండదు, వీపు కింద ఉంటుంది. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది. ఆ వాచీల కంపెనీ మూసివేతకు 2016లో కేంద్రం ఒప్పుకుంది. అంతవరకు బీరువా అడుగున పాత రేషన్ కార్డుల కింద పడున్న జనతా రకం వాచీలు ఆ దెబ్బతో వంశపారంపర్య ఆస్తులైపోయాయి. ప్రతి వాచీకీ ఒక తాతగారు పుట్టుకొచ్చారు. నెల్లిమర్ల జూట్ మిల్లులోనో రైల్వేలోనో ముప్పై ఏళ్లు పనిచేశారట, రోజూ ఇదే పెట్టుకున్నారట. డయల్ మీద మాత్రం మరక లేదు, గీత లేదు. ఆ తాతగారికి చెమట పట్టేది కాదు కాబోలు. దగ్గరగా చూస్తే అక్షరాలు లావెక్కి ఉంటాయి, నిమిషాల గీతలు ముళ్లకు సరిగ్గా అందవు. తాతగారు పోయి పాతికేళ్లయింది గాని డయల్‌కి రంగు పోయిన నెలలోనే వేశారు.

రంగు వేయడం నేరమని నేను అనను. పాత ఇంటికి సున్నం కొట్టుకుంటే ఎవరు కాదంటారు? "సున్నం కొట్టించాను బాబూ" అని చెప్పి అమ్మితే కొనేవాడు కొంటాడు, ధర తగ్గుతుంది, అంతే. ఆ తగ్గే ధరను మిగుల్చుకోవడానికే తాతగారిని లేపుతున్నారు.

సీకో ఫైవ్ రకం వాచీ అయితే చూడటం ఇంకా తేలిక. వెనక మూత మీద ఉండే మోడల్ నంబరులో మొదటి నాలుగంకెలు లోపలి మిషన్ నంబరు. డయల్ అడుగున, ఆరు అంకె కింద చీమకాళ్ల లాంటి రాతలోనూ అవే నాలుగంకెలుంటాయి. మిషన్ మీదా అవే ఉండాలి. మూత మీద 7009 అని ఉండి లోపల ఇంకోటి కనిపిస్తే, మూడు శవాలు కలిపి కుట్టి లేపినదాన్ని మన చేతికి కడుతున్నారన్నమాట. మూత మీదే సీరియల్ నంబరు కూడా ఉంటుంది. అందులో మొదటి అంకె ఏడాదిలో చివరి అంకె, రెండోది నెల. నవంబరుకి ఎన్, డిసెంబరుకి డి. మామగారు పెళ్లికి పెట్టారన్న ఏడాదికీ ఆ అంకెకీ పొంతన కుదరకపోతే, అబద్ధం మామగారిదా అల్లుడిదా అన్నది వాళ్లింట్లో తేల్చుకోవాలి.

ఇవన్నీ చూడటానికి ఏ వాచీ కొట్టులోనైనా ఐదు నిమిషాలు చాలు. మెకానిక్ కంటికి అద్దం పెట్టుకుని, మూత తిప్పి, లోపలికి చూసి "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" దీర్ఘాన్ని బట్టి ధర తేలుతుంది. పదిమందిలో ఆ "ఊఁ" వినడం ఇష్టం లేని అమ్మకందారే తమరిని ముందు పంపిస్తాడు. "మూత తీసిన ఫొటో ఒకటి పెట్టన్నయ్యా" అని అడిగి చూడండి. "నమ్మకం లేకపోతే ఒదిలేయ్ తమ్ముడూ" అంటాడు. నా మీద ఆయనకున్న నమ్మకం ఐదొందలు. ఆయన మీద నాకుండాల్సిన నమ్మకానికి మాత్రం హద్దుండకూడదు. ఇంకా గట్టిగా అడిగితే అరసవల్లి సూర్యనారాయణమూర్తి మీద ఒట్టేస్తాడు. పగలూ రాత్రీ నడిపే ఆ స్వామికి ఈ వాచీ ఎప్పుడు సర్వీసింగ్ అయిందో తెలియదా పాపం!

తమరు ఊరికే పుట్టలేదని కూడా ఒప్పుకోవాలి. తమరిని కన్నవాళ్లు కొనేవాళ్లే. విజయనగరానికీ శ్రీకాకుళానికీ నడిమధ్యన చీపురుపల్లి స్టేషన్‌లో కలుద్దామని, "పాసింజర్‌లో వచ్చేస్తాను గురూ" అని, ఆ పాసింజర్ వచ్చి వెళ్లిపోయాక ఫోన్ ఆపేసే మహానుభావులున్నారు. రాత్రి పదకొండుకి తీరిగ్గా "ఫైనల్ ఎంత?" అని మెసేజ్ పెడతారు. ఇంట్లో చూపించి తెస్తానని వాచీ పట్టుకెళ్లి, బాగున్న మిషన్ ఉంచేసుకుని, ఆగిపోయిన మిషన్‌తో తిరిగిచ్చేవాళ్లూ ఉన్నారు. ఇలాంటి ఇద్దరు తగిలాక ఎంత మెత్తని మనిషైనా తమరి గుమ్మం తొక్కుతాడు. నేనూ అమ్మేటప్పుడు తమరిని పిలుస్తాను. కాకపోతే మూత తీసి చూపించాకే.

ఈమధ్య తమరు వెనక్కి నడవడం కూడా నేర్చారట. వాచీ అమ్ముతానన్న వాడికి ఎవడో ఫోన్ చేసి, బేరమైనా ఆడకుండా "ఓకే, టోకెన్ పంపిస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటాడు. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎందుకో అడిగేలోపు అమ్మేవాడి ఖాతాలోంచే డబ్బు పోతుంది. పంపేవాడే పిన్ కొట్టాలి, పుచ్చుకునేవాడికి ఆ పనే లేదు. పాత వాచీలో అన్ని చక్రాలూ ఎటు తిరుగుతాయో చెప్పగలిగే మనవాళ్లు డబ్బు ఎటు తిరుగుతుందో ఇక్కడ మర్చిపోతున్నారు.

చట్టానికి తమరి మీద పెద్ద గౌరవమేమీ లేదు. వస్తువుల విక్రయ చట్టం ప్రకారం, సరుకు బాగోగులు చూసుకోవడం మామూలుగా కొనేవాడి పూచీయే. అయితే వర్ణించి అమ్మినప్పుడు వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని కూడా అదే చట్టం అంటుంది. అంటే "ఒరిజినల్ డయల్, లోపల అన్నీ ఒరిజినల్" అన్న ఒక్క మెసేజ్‌కి తమరి ఐదొందల కన్నా బలం ఎక్కువ. దొంగ వాచీ అయితే సొమ్ము కట్టినా, రసీదు ఉన్నా మామూలుగా అది మనదవదు. అమ్మినవాడికి లేని హక్కు మనకెలా వస్తుంది? ఈ చట్టం వచ్చిన ఏడాది 1930. ఆన్‌లైన్‌లో డబ్బు పోయాక ఏడుస్తూ చేయాల్సిన సైబర్ క్రైం నంబరూ 1930. గుర్తుపెట్టుకోవడానికి వీలుగానే ఉంది.

తమరిని రద్దు చేయమని నేను కోరడం లేదు. వరసలో కాస్త వెనక్కి జరగండి, చాలు. ముందు మూత తీసిన ఫొటో రావాలి. ఆ తర్వాత, ఎన్నాళ్లు ఆగుతారో, చెప్పినట్టు వాచీ లేకపోతే తిరిగి వస్తారో రారో రెండు ముక్కలు రాయించుకుని అప్పుడు దయచేయండి. ఇంతకీ డే అండ్ నైట్ జంక్షన్ వారి పైలట్ ఇంకా పదీ పదే చూపిస్తోంది. ఆ ముగ్గురూ ఇంకా క్యూలోనే ఉన్నారట.

ఈ ఉత్తరానికి స్టాంపు అంటించలేదు, బేరింగ్‌లో వేస్తున్నాను. పోస్టుమ్యాన్ అడిగినంత కట్టి విడిపించుకోండి. లోపల ఏముందో చూశాక కడతానంటే ఆయన ఒప్పుకోరు.

ఇట్లు,
పదీ పది బాధితుడు
విజయనగరం