కొత్తవాడకు కెమెరాలతో వచ్చేవారికి

మొన్న ఆదివారం వరంగల్‌లో జంపఖానాలు నేసే కొత్తవాడలో, మా పుట్టింటి వాకిట్లో, అమ్మ చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏడెనిమిది మంది గుంపుగా వచ్చారు. ముందు నడుస్తున్న గైడు మా ఇంటివైపు చెయ్యి చాపి, "ఇలాంటి ఒక్క గదిలో ఆరుగురు ఉంటారు, చూడండి" అన్నాడు. ఒకావిడ వంగి అమ్మ పాదాల పగుళ్ళను ఫోటో తీసింది. మాటవరసకైనా అడగలేదు. అమ్మ ఏమీ అనలేదు, చీర అంచు కిందికి లాగి కాళ్ళు కప్పుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పేదల బస్తీలను వింతగా చూసే అలవాటు పాతదే. 1880లలో లండన్ ధనవంతులు తూర్పు లండన్ మురికివాడలకు సరదాగా వెళ్ళి వచ్చేవారు. ఇవాళ బ్రెజిల్‌లోని రియో బస్తీలలో, ముంబై ధారావిలో అది వ్యాపారం. ధారావిలో కొందరు నిర్వాహకులు ఫోటోలు తీయనివ్వరు, లాభంలో కొంత ఆ బస్తీ కోసమే ఖర్చు పెడతారు. అది కొంత నయం. కానీ అసలు చూడడానికి వచ్చింది దేన్ని? అదే లండన్‌లో 1851 నాటి మహా ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీ ఉంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఇంత పనితనం ఉన్న వీధికి వచ్చి పగిలిన మడమలు చూసి పోతారా?

మా ఆయన ఇంజినీరు. ఇంజినీరుతో కాపురం ఎలా ఉంటుందో ఆ వైభోగం అనుభవించినవారికే తెలుసు. జీలకర్ర బెల్లం ముహూర్తం దగ్గరపడుతుంటే పందిరి గుంజ ఒరిగిందని లేవబోయారు. ఇడ్లీ పిండి ఎంత పొంగిందో గిన్నె మీద గీతలు గీసి కొలుస్తారు. నాకు దిగులుగా ఉందంటే కాగితం తీసి కారణాలు రాస్తారు. నవ్వలేక చస్తాను.

ఆ మనిషే మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, కుర్చీ వేస్తే కూర్చోలేదు. తిన్నగా మగ్గం పక్కన నేల మీద చతికిలబడి, "మామయ్యా, పడుగు పోగు తెగితే ఎలా అతుకుతారు? నేతలో ఎక్కడా తెలియడం లేదే?" అని అడిగారు. నాన్న నాడె పక్కన పెట్టి, ఒక పోగు తెంపి, రెండు కొసలనూ వేళ్ళ మధ్య నలిపి పురి పెట్టి చూపించారు. ఆయన ప్రయత్నిస్తే ఊడిపోయింది. మళ్ళీ చేశారు, మళ్ళీ ఊడింది. నాన్న నవ్వారు. వడ్డించిన అన్నం చల్లారిపోయింది. అంతసేపు నాన్నను తన పని గురించి ఎవరైనా అడగడం నేను అంతకుముందు చూడలేదు.

మీరూ రండి. వద్దనడం లేదు. పిలిచి అడిగి లోపలికి రండి, కూర్చోండి, నేత గురించి అడగండి, నచ్చితే నేసిన చేతికే డబ్బిచ్చి కొనండి, బేరం మాత్రం ఆడకండి.

మా అమ్మ పాదాలను ఫోటో తీసుకున్నావిడకు ఇది చేరితే, దయచేసి ఆ ఫోటో తీసేయండి. ఈసారి వచ్చినప్పుడు వాకిట్లోంచి ఒక్కసారి "అమ్మా" అని పిలవండి. అమ్మే చాయ్ పెడుతుంది.