ఎలిఫస్ మాక్సిమస్ అంటే ఏ ఏనుగు?

ఆసియా ఏనుగుకు ఎలిఫస్ మాక్సిమస్ అని 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరు కొద్దిలో తప్పిపోయేది. ఆయన ఆధారంగా తీసుకున్న నమూనాల్లో ఒకటి, సీసాలో భద్రపరిచిన ఏనుగు పిండం, ఇప్పటికీ స్టాక్‌హోమ్‌లో ఉంది. 2013లో దాని ప్రోటీన్లను, డీఎన్‌ఏను పరీక్షించిన పరిశోధకులు అది ఆఫ్రికా ఏనుగుదని తేల్చారు. జంతు నామకరణంలో పేరు ముడిపడేది వర్ణనతో కాదు, నమూనాతో. ఆధారం ఆ పిండమొక్కటే అయి ఉంటే నియమం ప్రకారం ఆ పేరు ఆఫ్రికా ఏనుగుకు పోవాలి. అదృష్టవశాత్తు లినేయస్ తన గ్రంథంలో ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త జాన్ రే వర్ణించిన మరో ఏనుగును కూడా పేర్కొన్నాడు. దాని అస్థిపంజరం ఫ్లోరెన్స్‌లో ఉంది. పరిశోధకులు దాన్నే ఆధార నమూనాగా ఎంచుకుని పేరును కాపాడారు.

వర్ణనలు మారతాయి, ఎముక మారదు. నమూనాకు అంత పెద్దపీట వేయడంలో తప్పు లేదు. చిక్కంతా ప్రాధాన్య నియమంతోనే. ఒకే జంతువుకు రెండు పేర్లుంటే ముందు అచ్చయినదే చెల్లుతుందన్న ఆ నియమం తగువులు తీర్చడానికి పుట్టింది. అయితే పాత సంచికలు తిరగేసే ఓపికున్న ఎవరికైనా అది లోకమంతా వాడే పేరును పడగొట్టే అవకాశం ఇస్తుంది. టైరనోసారస్ రెక్స్ పేరు 1905 నాటిది. అంతకుముందే, 1892లో, కోప్ అనే శాస్త్రవేత్త రెండు వెన్నుపూసలు చూసి మానోస్పాండిలస్ గైగాస్ అని పేరు పెట్టాడు. అవి కూడా అదే జంతువువని భావిస్తున్నారు. నియమాన్ని గుడ్డిగా వర్తింపజేస్తే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

2000 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న జంతు నామకరణ నియమావళి ఇందుకు విరుగుడు చూపింది. పాత పేరును 1899 తర్వాత ఎవరూ చెల్లే పేరుగా వాడి ఉండకూడదు. కొత్త పేరును గత 50 ఏళ్లలో కనీసం 10 మంది రచయితలు, 25 రచనల్లో వాడి ఉండాలి. ఈ షరతులు తీరితే కొత్త పేరే నిలుస్తుంది. ఈ లెక్కలు గుమాస్తా పనిలా కనిపిస్తాయి, నిజమే. అయినా వాడుకకు విలువ కట్టిన నియమం కనుక నాకు నచ్చింది.

శాస్త్రం ముందుకు సాగడం వల్ల మారే పేర్ల సంగతి వేరు. అక్కడ అడ్డు పడకూడదు. ప్రయోగశాలల్లో పెంచే పండ్ల ఈగ డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌నే తీసుకోండి. దాని ప్రజాతిలో, అంటే ఒకే తొలిపేరు పంచుకునే జాతుల గుంపులో, 15 వందలకు పైగా జాతులున్నాయి, అవన్నీ ఒకే వంశశాఖ కావు. ప్రజాతిని విడగొడితే డ్రోసోఫిలా అనే పేరు ఆధార జాతి (ప్రజాతి పేరు ముడిపడి ఉండే జాతి) అయిన ఫ్యూనెబ్రిస్ అనే ఈగతో వెళ్తుంది, ప్రసిద్ధమైన ఈగ సోఫోఫోరా అవుతుంది. మెలనోగాస్టర్‌నే ఆధార జాతిగా చేయమన్న అర్జీని అంతర్జాతీయ జంతు నామకరణ కమిషన్ 2010లో తోసిపుచ్చింది. జన్యుశాస్త్రవేత్తలకు అది మొండితనంగా తోచి ఉండవచ్చు. నాకు మాత్రం సబబుగానే అనిపిస్తుంది. ఆ ఒక్క ఈగ కోసం ఆధార జాతిని మారిస్తే, ఫ్యూనెబ్రిస్ బంధువులైన ఎన్నో ఈగల పేర్లు మారాలి.

కానీ డెంగీ దోమ ఈడిస్ ఈజిప్టై విషయంలో ఈ వాదన అంత సులువు కాదు. 2004లో దాన్ని స్టెగోమైయా ప్రజాతిలోకి మార్చారు. వైద్యరంగంలో చాలామంది పాత పేరునే పట్టుకున్నారు, 2015లో మరో పరిశోధక బృందం దాన్ని మళ్లీ ఈడిస్‌లోకి తెచ్చింది. పదేళ్ల పాటు ఒకే దోమ సమాచారాన్ని రెండు పేర్లతో వెతకాల్సి వచ్చింది. డ్రోసోఫిలా ప్రజాతిని విడగొట్టడానికి మాత్రం ఈగల పరిశోధకులు ఇంకా జంకుతూనే ఉన్నారు.