బాబాయి కుర్చీ, లండన్ బాంబులు

(2023 వరల్డ్‌కప్‌లో ఇండియా వరసగా పది మ్యాచ్‌లు గెలిచి, నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఫైనల్ ఓడిపోయింది. ఆ పదీ బాబాయి ఒకే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూశాడు. వాదన ఇంకా తెగలేదు.)

బాబాయి: పదికి పదిరా! ఊరికే జరుగుతుందంటావా?

అబ్బాయి: మరి పదకొండోది?

బాబాయి: ఆ రోజు చుట్టాలొచ్చారని మీ పిన్ని కుర్చీ కిటికీ దగ్గరికి జరిపింది.

అబ్బాయి: అదీ సంగతి. గెలిస్తే కుర్చీ మహిమ, ఓడితే పిన్ని తప్పు. ఇంక నీ మాట తప్పయ్యే దారేది బాబాయ్? దేశంలో ఎంతమంది ఉతకని చొక్కాలతో టీవీ ముందు కూర్చుని ఉంటారు? జట్టు గెలుస్తున్నంతసేపూ వాళ్లందరికీ పదికి పదే.

బాబాయి: వెక్కిరించకు. 1854లో లండన్‌లో కలరా వస్తే జాన్ స్నో అనే డాక్టరు ఏం చేశాడు? చావులు దాదాపు అన్నీ బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపు చుట్టూనే ఉన్నాయని పసిగట్టాడు. పంపు హ్యాండిల్ ఊడదీయించాడు. నీలాంటివాడు పక్కనుంటే 'అదేం లేదు సార్, అలా కలిసొచ్చింది' అనేవాడు.

(గట్టి దెబ్బే. అబ్బాయి వెంటనే నోరెత్తలేదు.)

అబ్బాయి: నిజమే. కానీ ఆయన చావుల దగ్గరే ఆగలేదు. పంపు పక్కనే ఉండి కూడా బతికినవాళ్ల సంగతేమిటని ఆరా తీశాడు. అక్కడి పేదల వసతి గృహంలో 535 మంది ఉంటే కలరాతో పోయింది ఐదుగురే. వాళ్లకి సొంత బావి ఉంది. పక్క బీరు ఫ్యాక్టరీ పనివాళ్లు ఆ పంపు నీళ్లు ముట్టనేలేదు, వాళ్లకి బీరే దక్కేది. నువ్వా కుర్చీలో కూర్చున్నా ఓడిన మ్యాచ్‌లు ఎప్పుడైనా వెతికావా?

బాబాయి: అవన్నీ ఎవడికి గుర్తుంటాయిరా!

అబ్బాయి: గుర్తుండవు, అక్కడే వచ్చింది చిక్కు. అదే లండన్ మీద 1944లో జర్మనీ వీ-1 అనే, పైలట్ లేకుండా ఎగిరొచ్చే బాంబులు వేసింది. కొన్ని పేటల్లోనే ఎక్కువ పడుతుంటే, కావాలనే గురిపెడుతున్నారని జనం అనుకున్నారు. క్లార్క్ అనే బీమా లెక్కల నిపుణుడు దక్షిణ లండన్ మ్యాపును 576 సమానమైన గళ్లుగా చేసి, పడిన 537 బాంబులనూ లెక్కవేసి 1946లో ప్రకటించాడు. గురీ గిరీ లేకుండా పడితే ఒక్క బాంబూ పడని గళ్లు దాదాపు 227 ఉండాలి. ఉన్నవి 229.

బాబాయి: అంటే గుంపుగా పడటమే మామూలా?

అబ్బాయి: మామూలే. గడికొకటి చొప్పున పొందిగ్గా పడి ఉంటే అప్పుడు అనుమానించాలి.

బాబాయి: సరేలే, నా కుర్చీకి ఖర్చేముంది?

అబ్బాయి: కుర్చీకి లేదు. ఇదే నమ్మకంతో బండి నంబరు కూడితే తొమ్మిది రావాలని ఆర్టీఏ వేలంలో లక్షలు పోసేవాళ్లున్నారు. పోనీ ఒక పని చెయ్యి. వచ్చే సిరీస్‌లో ప్రతి మ్యాచ్‌కీ ముందు బొమ్మా బొరుసూ వేద్దాం. బొమ్మ పడితే ఆ కుర్చీ, బొరుసు పడితే సోఫా. ఫలితాలు పిన్ని రాసిపెడుతుంది.

బాబాయి: అంటే తెలిసి తెలిసి సోఫాలో కూర్చుని మ్యాచ్ పోగొట్టమంటావా? దేశద్రోహివిరా నువ్వు!